పరవాడ ప్రయాణము

ప్రయాణమనగానే మన స్త్రీలకు తీర్థమో, పెండ్లియో, పురుడో జ్ఞప్తికి వచ్చును. సోదరీమణులు వ్రాయు యాత్రావ్యాసములును తఱచుగా అట్టివే. మేమును సింహాచలమును గూర్చియో, శ్రీకూర్మమును గూర్చియో వ్రాయవలెనని చాలకాలముగా అనుకొనుచుంటిమి. కాని యీసారి మేము పోయినది దేవళమునకు కాదు, శుభకార్యమునకును కాదు. పొగగొట్టముల నడుమనున్న పరవాడకు. అచ్చట చూచినదియు, నేర్చుకొన్నదియు, సిగ్గుపడినదియు దాచక వ్రాయుచున్నాము.

మా ఆడుబిడ్డ కాపురము పరవాడలో. ఆమె భర్త అచ్చటి మందుల కర్మాగారములలో ఒకదానియందు పనిచేయుచున్నారు. ఆమె ఇంటనే కుట్టుమిషను పెట్టుకొని, ఇరుగుపొరుగువారికి రవికలు కుట్టి, వచ్చినదానిలో నెలకింత యని బ్యాంకులో వేసికొనుచుండును. ఒక శుక్రవారము రాత్రి ఆమె ఫోను చేసి, "వదినా, అన్నయ్యా మీరూ ఒక్కసారి రాగలరా?" అని మాత్రము అడిగెను. ఏమి జరిగినదని ఎంత అడిగినను చెప్పలేదు. కంఠము మాత్రము ఎప్పటి కంఠము కాదు. మఱునాడు రెండవ శనివారము. మా వారికి బడి సెలవు. తెల్లవారకముందే విజయనగరమున బస్సెక్కితిమి.

విశాఖపట్టణములో బండి మాఱి గాజువాక దారి పట్టితిమి. గాజువాక నేడు పెద్ద బజారు. దుకాణములకంటె దుకాణముల పలకలే యెక్కువగా కనబడును. స్తంభములపైనను, గోడలపైనను పరదేశపు ఉద్యోగముల ప్రకటనలు చూచి మాకు ఒక సంగతి తలపునకు వచ్చెను. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన యా సంగతిని మీరును చదివియే యుందురు. కంప్యూటరుపై వివరములు ఎక్కించు ఉద్యోగమని నమ్మబలికి, దళారులు ఈ ప్రాంతపు యువకులవద్ద సొమ్ము గుంజి, వారిని కంబోడియా దేశమునకు పంపిరి. అచ్చట వారిని నిర్బంధించి, ఫోనులలోను సందేశములలోను మన దేశస్థులనే మోసగించు పని చేయించిరి. ఆ నెలలోనే సిహనౌక్‌విల్ పట్టణమున మనవారు తిరుగబడగా, మన రాయబార కార్యాలయము కలుగజేసికొని కొందఱిని విడిపించెను. కొందఱు విశాఖకు క్షేమముగా తిరిగివచ్చిరి. దొంగజాబు పంపిన చేయి ఎచ్చటి పరదేశిదో యని మనము తలంతుము. ఒక్కొకప్పుడది మన వీధి కుఱ్ఱవానిదే కావచ్చును. ఆ యుదయమున బస్సులో ఈ మాట ఊరక అనుకొని విడిచితిమి. దాని బరువు మాకు మధ్యాహ్నమునకు గాని తెలియలేదు.

కూర్మన్నపాలెమున ఉక్కు కర్మాగారపు ద్వారము కనబడినది. 1966లో ఆంధ్రులు దీనికొఱకు పెద్ద ఉద్యమము నడపిరి. 1992లో ఇది జాతికి అంకితమాయెను. లంకెలపాలెమున జాతీయమార్గమును విడిచి సముద్రపు వైపునకు తిరిగితిమి. కొంతదూరము పోవునప్పటికి ఆకాశమున సింహాద్రి విద్యుత్కేంద్రపు గొట్టములు నిలువుగా లేచినవి. అయిదేసి వందల మెగావాట్ల యంత్రములు నాలుగు, మొత్తము 2000 మెగావాట్ల శక్తి అచ్చట పుట్టుచున్నది. యంత్రములను చల్లార్చుటకు వలయు నీటిని సముద్రమునుండి తెచ్చుకొందురు. 2021లో అచ్చటి జలాశయముపై 25 మెగావాట్ల సౌరఫలకములను నీటిపై తేలునట్లు అమర్చిరి. మఱియొక వైపున ఫార్మా సిటీ యను మందుల కర్మాగారముల వాడ. వీని నడుమ పొలములు, తాటిచెట్లు, పశువులు. గాలి వీచినపుడు ఒకమాఱు ఉప్పువాసన, ఒకమాఱు మందులవాసన. పరవాడ 2022 ఏప్రిల్ వఱకు విశాఖపట్టణము జిల్లాలోనిది; నేడు అనకాపల్లి జిల్లాలోనిది. జిల్లా మాఱినను జాబులకు పాత విలాసమే వ్రాయుచుంటిమి గదా యని మా వారు నవ్విరి. ఆ విలాసపు మాట రాత్రికి వేఱొక విధముగా అక్కఱకు వచ్చినది.

ఇల్లు చేరునప్పటికి ఆడుబిడ్డ భర్త పనికి పోయియుండిరి. పాప బడిలో నున్నది. ఆమె కాఫీ యిచ్చి, అన్నగారు వీధి అరుగుపై కూర్చుండువఱకు ఆగి, మమ్ము లోపలి గదిలోనికి తీసికొనిపోయి, మాటాడక ఫోను చేతికిచ్చెను. అందొక ఈమెయిలు జాబు. పైన ఆమె ఖాతాగల బ్యాంకు గుఱుతు, రంగులతో సహా అట్లే యున్నది. దిగువ ఆమె పూర్తిపేరు. ఖాతాదారుని వివరములు సరిచూడవలసియున్నవనియు, 24 గంటలలో ఆ పని చేయనిచో ఖాతా నిలుపబడుననియు, దిగువనున్న మీటను నొక్కవలసినదనియు చక్కని తెలుగులో వ్రాసియున్నది. చివర "విధేయుడు" అని శాఖాధికారి హోదా.

గురువారము మధ్యాహ్నము మూడు గంటలకు ఆమె ఆ మీటను నొక్కెను. బ్యాంకువారి పుటవంటి పుటయే తెఱచుకొనెను. పేరడిగిన పేరు, రహస్యపదమడిగిన రహస్యపదము వ్రాసెను. తరువాత ఫోనునకు ఒక్కమాఱే చెల్లునట్టి సంఖ్య, ఓటీపీ యనునది, వచ్చెను. దానిని గూడ అందు వ్రాసెను. ఆ పుటకు ఆవల కూర్చున్నవాడు, ఈమె వ్రాసినదెల్ల అదే క్షణమున అసలు బ్యాంకు పుటలో వ్రాసికొనుచుండెను గాబోలు. మూడేండ్ల కుట్టుకూలి, పాప చదువునకని దాచిన 58,000 రూపాయలు, పాలు పొంగునంత సేపటిలో పోయినవి.

"ఎవ్వరితోనూ చెప్పలేదా?" అని యడిగితిమి. తల యడ్డముగా ఊపెను. ఆ తరువాత ఆమె యన్న మాట మా చెవిలో ఇప్పటికిని మ్రోగుచున్నది.

"వదినా, సంక్రాంతికి మీరు చెప్పింది గుర్తుపెట్టుకునే చూశాను. ఎక్కడైనా అక్షరం తప్పుంటుందేమోనని రెండుసార్లు చదివాను. ఒక్క తప్పు కూడా లేదు. అందుకే నమ్మాను."

సంక్రాంతి పండుగకు మా యింట చేరిన ఆడవారి నడుమ మేము, ఎవరికో వచ్చిన యొక దొంగ సందేశమును చదివి, అందలి తప్పులను వేలు పెట్టి చూపి, అందఱిని నవ్వించితిమి. "దొంగకు వ్యాకరణము రాదు, తప్పులున్నదే దొంగజాబు" అని తీర్పు చెప్పితిమి. బడిపంతులుగారి భార్యలము, తండ్రివద్ద కావ్యములు చదివినవారము. మా మాటకు ఆ మాత్రము విలువ యుండెను. ఆ విలువయే యీమెను ముంచినది. ఒకప్పుడు భాష రానివారు వ్రాసిన దొంగజాబులకు ఆ లక్షణము చెల్లియుండవచ్చును. నేడు కృత్రిమమేధ యను యంత్రమే యే భాషలోనైనను తప్పులేని జాబు వ్రాసి యిచ్చుచున్నది. తప్పులున్న జాబును శంకింపవలసినదే. తప్పులు లేనంతమాత్రమున నమ్మరాదు. ఈ రెండవ సగమును మేము చెప్పలేదు, ఏలయన మాకును తెలియదు.

మేము విశాఖదత్తుని ముద్రారాక్షసమును ఎన్నిమాఱులో చదివితిమి. అందు చాణక్యుడు రాక్షసమంత్రిని చిక్కించుకొనుటకు పన్నిన పన్నుగడలో ముఖ్యమైనది ఒక జాబు. దానిని వ్రాసిన చేయి రాక్షసుని మిత్రుడగు శకటదాసునిదే. దానిపై పడిన ముద్ర రాక్షసుని యుంగరపు ముద్రయే. వ్రాత నిజము, ముద్ర నిజము, జాబు మాత్రము అబద్ధము. ఆ యుంగరము చాణక్యుని చారునికి ఎట్లు దొరకినది? వాకిలి దాటుచున్న బిడ్డను లోనికి లాగికొను తొందరలో, పురుషుని వ్రేలికి చేసిన యా యుంగరము రాక్షసుని భార్య వ్రేలినుండి జాఱిపడినది. ఇన్ని యేండ్లు చాణక్యుని తెలివిని మెచ్చుకొంటిమే గాని, ఆ యిల్లాలిని ఒక్కనాడును తలపోయలేదు. ఆనాడు ఆ చిన్న గదిలో, కుట్టుమిషను ప్రక్కన, ఆమె మాకు కనబడినది.

మా వారిని లోనికి పిలిచి అంతయు చెప్పితిమి. ఆయన చెల్లెలిని ఒక్కమాటయు అనక, ముందుగా 1930 అను సంఖ్యకు ఫోను చేయించిరి. ఇది సైబరు మోసములలో సొమ్ము పోయినవారు చెప్పుకొనుటకై ప్రభుత్వము ఏర్పఱచిన సంఖ్య. ఏ ఖాతానుండి, ఎంత సొమ్ము, ఏ గంటకు, ఏ లావాదేవీ సంఖ్యతో పోయినదో వారడిగి వ్రాసికొనిరి. పిమ్మట బ్యాంకువారి కార్డుపై ముద్రించియున్న సంఖ్యకు ఫోను చేసి ఖాతాను నిలిపించితిమి. రహస్యపదమును మార్పించితిమి. ఆ జాబును చెరిపివేయక సాక్ష్యముగా దాచితిమి.

దొంగిలిన సొమ్ము ఒకచోట నిలువదు. ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు, అచ్చటినుండి ఇంకొకదానికి పరుగెత్తి, తుదకు నగదై చేజాఱును. ఫిర్యాదు అందగానే, సొమ్ము ఏ ఖాతాలో నున్నదో ఆ బ్యాంకు దానిని పట్టి నిలుపగలదు. కావున మొదటి గంట బంగారమువంటిది. మేము చెప్పుకొన్నది రెండుదినములు గడచిన పిదప. 9,000 రూపాయలు మాత్రము ఒక ఖాతాలో నిలిచియుండగా పట్టుపడినవని తరువాత తెలిసినది. గురువారము నాలుగు గంటలకే చెప్పియున్నచో ఎంత నిలిచెడిదో! ఆ రెండు దినములను మ్రింగినది దొంగ కాదు, సిగ్గు.

ఆ సిగ్గునకు కారణము లేదనుటకు ఒక సంగతి చెప్పెదము. పరదేశమున ఉద్యోగము చేయు తమిళనాటి పెద్దమనిషి యొకరు, బ్యాంకునుండి వచ్చినట్లున్న ఈమెయిలును నమ్మి రహస్యపదము లిచ్చి, 6 లక్షల రూపాయలకు పైగా పోగొట్టుకొనెను. ఆయన దాచుకొనలేదు; ఫిర్యాదు చేసి వాదించెను. 2010లో తమిళనాడు న్యాయనిర్ణయాధికారి, ఖాతాదారును కాపాడుటలో బ్యాంకు వలసినంత జాగ్రత్త చూపలేదని, 12 లక్షలకు పైగా చెల్లింపవలెనని తీర్పు చెప్పిరి. అందఱికిని అట్టి తీర్పు వచ్చునని కాదు. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు వ్రాసిన నియమములలో, ఖాతాదారు తానే రహస్యములు బయటపెట్టినచో బ్యాంకునకు తెలుపువఱకు జరిగిన నష్టము తనదే యనియు, తెలిపిన తరువాత జరుగునది బ్యాంకుదనియు నున్నది. దీనివలన గూడ వెంటనే చెప్పుటయే మేలని తేలుచున్నది.

రాత్రి తొమ్మిది గంటలకు ఆమె భర్త వచ్చిరి. చేతులు కడిగికొని కూర్చున్న పిమ్మట ఆమెయే చెప్పెను. మేము చెప్పెదమన్నను ఒప్పుకొనలేదు. ఆయన చాలసేపు మాటాడలేదు. ఏమందురో యని మాకు గుండె దడదడలాడెను. తుదకు, "ఆ మెయిలు బుధవారం నాకూ వచ్చింది. దొంగదని తెలిసి తీసేశాను. నీతో ఒక్క మాట చెప్పి ఉంటే పోయేది కాదు," అనిరి. పాప నిద్రలో ఏదో పలవరించినది. ఇంక ఆ యింట నెవరును ఎవరిని నిందింపలేదు. ఒకరు తెలిసియు చెప్పలేదు. ఒకరు మోసపోయియు చెప్పలేదు. మేము సగము తెలిసి యంతయు తెలిసినట్లు చెప్పితిమి.

భోజనములైన పిదప మా వారు పాప పలక తీసికొని విలాసములను చదువు పద్ధతి చెప్పిరి. తపాలాజాబుపై మొదటి వరుసలో ఎవరి పేరైనను వ్రాయవచ్చును. జాబు పోవునది మాత్రము చివరనున్న ఊరును, పిన్‌కోడును బట్టి. ఈమెయిలు విలాసమును, వెబ్ పుట విలాసమును అట్లే చివరనుండి చదువవలెను. పంపినవారి పేరుగా బ్యాంకు పేరు కనబడినను, ఆ పేరుపై తాకిన, దాని వెనుకనున్న విలాసము బయటపడును. ఆడుబిడ్డ జాబులో తాకి చూచితిమి: మొదట బ్యాంకు పేరు, నడుమ ఒక గీత, చివర ఎన్నడును విననట్టి పేరు. మీట వెనుకనున్న విలాసమును అట్టిదే. కంప్యూటరులోనైనచో మౌసు బాణమును మీటపై నొక్కక నిలిపినంతనే అడుగున అసలు విలాసము కనబడును.

ఇందుకై రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఒక కట్టడి చేసెను. మన దేశపు బ్యాంకులన్నియు 2025 అక్టోబరు 31లోగా తమ వెబ్ విలాసములను "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అను తోకకు మార్చుకొనవలెనని ఆజ్ఞ. ఈ తోకను బ్యాంకులకు ఇచ్చు అధికారము మన హైదరాబాదులోని సంస్థదే. రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన ఆ సంస్థను ఐడీఆర్‌బీటీ యందురు. బ్యాంకు కానివారికి ఆ తోక దొరకదు. అయితే ఒక మెలకువ కావలెను. ఆ మాటలు విలాసము నడుమ ఎచ్చటనో యున్న చాలదు. మొదటి ఒంటి అడ్డగీతకు ముందు, చిట్టచివర నుండవలెను. నడుమ నుంచి కన్నుగప్పువారు గలరు. మఱియు, పంపినవారి ఈమెయిలు విలాసమునే దొంగగా పెట్టగలవారును గలరు. కావున చూచుట యొక కాపు మాత్రమే. అదియే కోట కాదు.

మఱునాటి యుదయము బస్సునకు ఇంకను వేళ యుండుటచే, సముద్రము చూతమని ముత్యాలమ్మపాలెము పోయితిమి. పరవాడ మండలములోని మత్స్యకారుల పల్లె యిది. పడవలు ఒడ్డునకు వచ్చుచుండెను. ఆడవారు గంపలతో ఎదురుచూచుచుండిరి. ఇసుకలో కూర్చుండి వల బాగుచేయుచున్న యొక ముసలాయనను, గాలమునకు ఏ యెఱ వేతువని మా వారు ఊరక అడిగిరి. ఆయన నవ్వి, "సేప తినీదే గుచ్చాల బాబూ, మనం తినీది గుచ్చితే పడతాదేటి?" అనెను.

ఇట్టి జాబులకు ఇంగ్లీషువారు పెట్టిన పేరు ఫిషింగ్. చేపలు పట్టుట యను మాటనే అక్షరము మార్చి వాడుకొనిరి. పేరు విన్నాము గాని, యెఱను గూర్చి ఆలోచింపలేదు. ఖాతా ఆగిపోవునన్న భయము, బహుమతి వచ్చునన్న ఆశ, పన్ను తిరిగి వచ్చుచున్నదన్న సంతోషము, 24 గంటలే గడువన్న తొందర, ఇవి మనము తిను యెఱలు. ఆడుబిడ్డ ఆశకు లోబడలేదు. పాప చదువు సొమ్ము నిలిచిపోవునన్న భయమునకు లోబడెను. తల్లికి తగిన యెఱయే దొరకినది.

అశోకవనమున హనుమంతుడు తాను రామదూతనన్నను సీతమ్మ వెంటనే నమ్మలేదు. సన్న్యాసివేషమును నమ్మి ఒకమాఱు మోసపోయినది గనుక, ఇతడును రావణుడేమో యని శంకించినది. రాముని గుఱుతులు చెప్పుమనెను. నరులకును వానరులకును చెలిమి యెట్లు కలిగెనో చెప్పుమనెను. అవి విన్న పిమ్మటనే యుంగరమును అందుకొనెను. ఒకమాఱు మోసపోవుట ఆమెకు అవమానము కాలేదు, వివేకమాయెను. బస్సు ఎక్కించుటకు వచ్చిన ఆడుబిడ్డతో ఈ మాట యనగా, మూడు దినములకు ఆమె మొగమున మొదటిమాఱు నవ్వు చూచితిమి.

సోదరీమణులారా, సంక్రాంతికి చెప్పిన తీర్పును ఇట్లు దిద్దుకొనుచున్నాము. బ్యాంకు పేర ఏ జాబు వచ్చినను, అది తప్పులతో నున్నను, తప్పులు లేక యున్నను, అది చూపిన దారిన పోవలదు. నిజముగా పని యున్నదో లేదో తెలిసికొన గోరినచో, మీరెఱిగిన దారినే పోవలెను: బ్యాంకువారి యాపును మీరే తెఱచియో, కార్డు వెనుకనున్న సంఖ్యకు మీరే ఫోను చేసియో, శాఖకు నడచియో. రహస్యపదమును, పిన్‌ను, ఓటీపీని బ్యాంకువారు జాబులో గాని ఫోనులో గాని అడుగరు. జాబుతోపాటు వచ్చిన ఫైలును తెఱవవలదు. దొంగజాబు అని తెలిసినచో ఊరక పాఱవేయక, ఆ రాత్రి భోజనమువేళ ఇంటిల్లిపాదికిని చూపుడు. ఒకవేళ మోసపోయినచో, పొయ్యిమీది గిన్నె దింపి, ముందు 1930కి ఫోను చేయుడు. ఏడ్చుటకు తరువాత తీఱిక యుండును.

ఆడుబిడ్డ ఇప్పుడు మిషను ముందరి గోడకు ఆ సంఖ్యను పెద్ద యంకెలతో వ్రాసి అంటించినది. రవికలు కుట్టించుకొనవచ్చిన ప్రతివారును ఇదేమని యడుగుదురట. ఆమె తన కథ మొదటినుండి చెప్పునట. పోయిన సొమ్ములో మిగిలినది వచ్చునో రాదో యింకను తెలియదు. పాప రుసుమునకు ఈ యేటికి మేమును కొంత సర్దితిమి. మా మాటవలన పోయినదానిలో అది మా వంతు.